బేడీల్లో ఉన్నవాడి లాగిన్

"పాస్‌వర్డ్‌తోని నేను లోపలికి పోలే మేడం. ఆ సర్వర్‌ల పాస్‌వర్డ్‌తోని ఎవలూ పోనీకే రాదు."

తన్వీర్ ఆ మాట చెప్పడం అది నాలుగోసారి. జనగామ పోలీస్ స్టేషన్‌లో రైటర్ గది. బల్లకు అవతల అతను కూర్చున్నాడు. ఎడమ చేతికి వేసిన బేడీల రెండో కొస పక్కనున్న కానిస్టేబుల్ పట్టుకున్నాడు. అనసూయ గోడ గడియారం చూసింది. మధ్యాహ్నం ఒకటీ నలభై. సీఐ వెంకటేష్ ఇచ్చింది ఇరవై నిమిషాలు. అందులో పదమూడు పోయాయి. ఆమె నోట్‌బుక్‌లో రాసుకున్నవి మూడే ముక్కలు. వాటిలో ఒక్కటీ కోర్టులో నిలబడేది కాదు.

ఐదేళ్ల కిందటి దాకా అనసూయ పోలీసు శాఖ కంప్యూటర్ విభాగంలో ఎస్సై. ఇప్పుడు హన్మకొండలో సొంతంగా డిటెక్టివ్ పని చేస్తోంది. నిన్న తన్వీర్ భార్య సబా మహబూబాబాద్ నుంచి, వాళ్ల మాటలో మానుకోట నుంచి, ఫోన్ చేసి, "మా ఆయన్ని తీస్కపోయిండ్రు, ఎందుకో గూడ చెప్తలేరు" అంది. బస్సులు బందై మూడు వారాలు దాటింది. అనసూయ స్కూటీ మీద బయల్దేరితే దారిలో రెండు చోట్ల రాస్తారోకో. యాభై ఐదు కిలోమీటర్లకు మూడు గంటలు పట్టింది.

కేసు చూడటానికి చిన్నదే. భూపాలపల్లి దగ్గర ఒక బొగ్గు గనిలో పైమట్టి తీసే కాంట్రాక్టు భైరవ ఎర్త్ మూవర్స్ అనే కంపెనీది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఆ మంగళవారానికి ఇరవై తొమ్మిది రోజులు. గనులన్నీ బంద్. అయినా మొన్న శనివారం ఆ కంపెనీ కొందరు కూలీలను గుట్టుగా పనికి దింపిందని పుకారు. ఆ పొద్దున మొగుళ్లపల్లిలో ఇంటి నుంచి పనికని వెళ్లిన పోశాలు తిరిగి రాలేదు. అతను పనికే రాలేదని కంపెనీ అంటోంది. వచ్చాడో రాలేదో చెప్పాల్సింది గేటు దగ్గరి వేలిముద్ర మిషన్. ఆ హాజరంతా జనగామ హెడ్డాఫీసులోని సర్వర్‌లో చేరుతుంది. శనివారం హాజరు మాత్రం అందులో లేదు. మధ్యాహ్నం మూడూ పన్నెండుకు ఎవరో దూరం నుంచి లాగిన్ అయి చెరిపేశారు. లాగిన్ పేరు తన్వీర్‌ది. వచ్చిన దారి కంపెనీ మహబూబాబాద్ బ్రాంచి లైన్. అక్కడే కూర్చుని ఆ సర్వర్‌ను చూసుకునే ఉద్యోగం తన్వీర్‌ది. కంపెనీ అతని మీదే ఫిర్యాదు ఇచ్చింది.

"ఎందుకు పోనీకే రాదో సాఫ్‌గ చెప్పు. సీఐకి సుత అర్థమయ్యేటట్టు."

"జూన్‌ల పాస్‌వర్డ్ దారి మొత్తం బంద్ చేసిన మేడం. బయటి నుంచి వచ్చేటోళ్లకు తాళంచెవి లెక్క ఒక కీ ఫైల్ ఉంటెనే సర్వర్ తలుపు తీస్తది. నా కీ ఫైల్ నా ల్యాప్‌టాప్‌ల ఉన్నది. ల్యాప్‌టాప్ వీళ్లే సీజ్ చేసిండ్రు."

"మరి పోలీసోళ్ల కాగితంల 'పాస్‌వర్డ్ సరిపోయింది, లోపలికి రానిచ్చిన' అని సర్వర్ రాసుకున్నది కద."

"గదే నాకు సమజైత లేదు."

"శనివారం మూడు గంటలకు యాడున్నవ్?"

"మానుకోట రోడ్డు మీద, సమ్మె వంటావార్పుల. అందరం రోడ్డు మీదనే వండుకొని తిన్నం. రెండు వందల మంది చూసిండ్రు."

"రెండు వందల మంది చూసిండ్రంటే ఎవలూ చూడనట్టే. ఆడికెళ్లి ఆఫీసు ఎంత దూరం?"

తన్వీర్ తల వంచుకున్నాడు. "ఐదు నిమిషాలు."

అనసూయకు పెన్ను విసిరి కొట్టాలనిపించింది. "ఆఫీసు తాళంచెవులు ఎవలెవలి దగ్గర ఉంటయి?"

"నా దగ్గరొకటి. జావేద్ అన్న దగ్గరొకటి. నాతోటే పనిచేస్తడు. వయసుల నాకంటె పెద్దోడే గని ఈ పని నేనే నేర్పిన."

తలుపు తెరుచుకుంది. సీఐ వెంకటేష్ లోపలికి వచ్చాడు. ఒకప్పుడు శిక్షణలో అనసూయ కంటే ఒక బ్యాచ్ వెనక. నెల రోజులుగా రోడ్ల మీద బందోబస్తు చేసి కళ్లు ఎర్రబడ్డాయి.

"టైమైపోయింది మేడం. రెండున్నరకు వీణ్ని ఆఫీసుకు తీస్కపోయి పంచనామా చేస్త. ఐదింటికి సర్వర్ వైరు తీసి సీల్ వేస్త. రేపు పొద్దుగాల కోర్టు."

"వైరు తీస్తే అందుల అప్పటికి నడుస్తున్న సంగతులన్నీ పోతయి వెంకటేష్. ఎవలు లోపలున్నరు, ఏం చేస్తున్నరు, ఏదీ దొరకది."

"నాకు కావల్సింది దొరికింది." అతను ఫైలులోంచి ఒక కాగితం తీసి చూపించాడు. దాని మీద ఒకే ఒక్క వాక్యం అచ్చయి ఉంది.

"సర్వర్ రోజుకు వందల వాక్యాలు రాసుకుంటది. నీ చేతిల ఒక్కటే ఉన్నదేంది?"

"కంపెనీ ఇచ్చింది."

"అంటే ఫిర్యాదు చేసినోడే సాక్ష్యం ఏరి నీ చేతిల పెట్టిండు. నువ్వు జేబుల పెట్టుకున్నవ్."

వెంకటేష్ కాగితాన్ని ఫైలులో పెట్టేశాడు. కానిస్టేబుల్ చూపు గోడ వైపు తిరిగింది. "మీరు డిపార్ట్‌మెంట్ ఇడిచిపెట్టి ఐదేండ్లయింది మేడం. నాకు పాఠం చెప్పే నౌకరీ మీది కాదిప్పుడు. వస్తరా, రండి. చూడుండ్రి. దేన్నీ ముట్టద్దు."

రెండూ ముప్పై ఐదుకు వాళ్లు కంపెనీ ఆఫీసు చేరారు. కరెంటు లేదు. బొగ్గు లేక జనగామలో రోజూ రెండు నుంచి నాలుగు దాకా కోత. వరండా చివర చిన్న జనరేటర్ దడదడలాడుతోంది. ఆఫీసు ఊడ్చే ఈదమ్మ దాని పక్కనే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మేనేజర్ రాజలింగం ఎదురొచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు ఫోన్లు.

"దాచేదేముంది సార్, అంతా చూసుకోండ్రి. రూట్ పాస్‌వర్డ్ సుత ఇస్త." రూట్ అంటే సర్వర్ మీద సర్వాధికారాలూ ఉన్న లాగిన్.

"శనివారం మీరు యాడున్నరు?" అనసూయ అడిగింది.

"హైదరాబాద్‌ల మేడం. ఆఫీసుకు తాళం. సమ్మె కద."

"ఆ రోజు కరెంటు కోత?"

"రోజూ ఉండేదే. రెండు నుంచి నాలుగు."

"కరెంటు పోతే సర్వర్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతది?"

"ఇరవై నిమిషాలు. మహా అయితే ఇరవై ఐదు."

"అంటే రెండున్నర లోపట సర్వర్ బంద్ కావాలె. మూడూ పన్నెండుకు బంద్ అయిన సర్వర్‌లకు మానుకోట నుంచి తన్వీర్ ఎట్ల వచ్చిండు?"

రాజలింగం నోరు తెరిచాడు. మళ్లీ మూసి, వరండా చివరకు చేయి చూపించాడు. "జనరేటర్ ఉన్నది కదమ్మ. కరెంటు పోంగనే అదంతట అదే నడుస్తది."

అనసూయ ఈదమ్మ వైపు తిరిగింది. "అవ్వా, గిది అదంతట అదే నడుస్తదా?"

ఈదమ్మ మేనేజర్ ముఖం చూసింది. చీర కొంగు వేలికి చుట్టుకుంది. "నాకేం తెలుస్తది బిడ్డా."

"ఇయ్యాల ఎవలు నడిపిండ్రు?"

"నేనే. తాడు గుంజిన."

"గుంజకపోతే?"

"గుంజకపోతే యాడ నడుస్తది? మూడు మాట్ల గుంజితె గని అందుకోదు."

"శనివారం ఎవలు గుంజిండ్రు?"

ఈదమ్మ జనరేటర్ పక్కనే నేల మీద కూలబడింది. అనసూయ మళ్లీ అడిగింది. మూడోసారి అడిగేసరికి గొంతు తనకు తెలియకుండానే పెరిగింది. ఈదమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అనసూయకు తన మీద తనకే విసుగేసింది. ముసలామెను ఏడిపించి రాబట్టే రోజులు పోలీసు ఉద్యోగంతోనే పోయాయనుకుంది. పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"అవ్వా, మొగుళ్లపల్లిల ఒగామె నాలుగు దినాల నుంచి మొగని కోసం చూస్తున్నది. నువ్వు చెప్పేది ఆమె కోసం చెప్పు."

ఈదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "సారే వచ్చిండు. ఎవలకు చెప్పకు అన్నడు. నేను అన్నం తినుకుంట ఉన్న. జనరేటర్ చప్పుడు అయింది. నాలుగింటి దాక నడిచింది. సారు ఫోన్ల మాట్లాడుకుంటనే ఆ కంప్యూటర్ అర్రల ఉన్నడు."

"ముసలిది, దినాలు గుర్తుండవు," అన్నాడు రాజలింగం.

"శనివారం అంగడి దినం, సంత ఉంటది. నాకు మంచిగ యాదికున్నది," అంది ఈదమ్మ.

వెంకటేష్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "లోపలికి పోదాం" అన్నాడు.

సర్వర్ గది పది అడుగుల గది. ఒక బీరువా, ఒక బల్ల, బల్ల కింద సర్వర్, పైన పాత తెర. అనసూయ కూర్చుంది. "ముట్టద్దన్న" అన్నాడు వెంకటేష్. "సరే, నువ్వు కూసో. నేను చెప్త, నువ్వు కొట్టు" అందామె. అతను నల్లటి తెరను, దాని మీద మెరుస్తున్న చిన్న గీతను చూశాడు. కాసేపటికి చేత్తో కానియ్యమని సైగ చేశాడు. పంచనామా రాసే కానిస్టేబుల్ ప్రతి కమాండునూ కాగితం మీద రాసుకోవాలన్నది షరతు.

ఆమె రూట్‌గా లోపలికి వెళ్లి లాగిన్ల చిట్టా తెరిచింది. శనివారం తేదీ వెతికింది. ఏమీ లేదు. ఇంకోసారి వెతికింది. చిట్టా ఆదివారం తెల్లవారుజాము నుంచే మొదలైంది. శనివారం అన్నదే లేనట్టు.

"చూసిండ్రా? అంతా చెరిపిండు," అన్నాడు రాజలింగం, తన్వీర్ వైపు చూపిస్తూ.

అనసూయ మళ్లీ మొదటి వరుసకు వెళ్లింది. మూడు గంటల ప్రయాణం, రెండు రాస్తారోకోలు, ఏడిపించిన ముసలామె, అన్నీ ఈ ఖాళీ కోసమా? కీబోర్డులో ఒక మీట ఇరుక్కుంటోంది. దాన్ని గోటితో పైకి లాగి మళ్లీ కొట్టింది. మళ్లీ ఖాళీయే.

గుమ్మం దగ్గర నిలబడ్డ తన్వీర్ గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఆదివారం..."

"నిందితుడు మాట్లాడద్దు," అన్నాడు వెంకటేష్.

"వెంకటేష్, ఈ గదిల ఈ సర్వర్ సంగతి తెలిసినోడు ఆయనొక్కడే. నీకు నిజం కావాల్నా, సంతకం కావాల్నా?"

"మాట్లాడనీ" అన్నాడు వెంకటేష్ చివరికి. "చెయ్యి మాత్రం పెట్టద్దు."

"ప్రతి ఆదివారం తెల్లారంగ పాత చిట్టాను పక్కకు పెట్టి కొత్తది మొదలుపెడతది మేడం. పాతది అదే ఫోల్డర్‌ల తేదీతోని ఉంటది."

ఉంది. అనసూయ తెరిచి శనివారం మధ్యాహ్నానికి వచ్చింది. తెర మీది వాక్యాలను ఒక్కొక్కటే చదివి వినిపించింది.

రెండూ నలభై ఆరు: రూట్ లాగిన్. దూరం నుంచి కాదు, ఈ బల్ల మీది కీబోర్డు నుంచే. రెండూ యాభై ఒకటి: దూరం నుంచి లాగిన్లు తీసుకునే ప్రోగ్రాం ఆగి, వెంటనే మళ్లీ మొదలైంది. రెండూ యాభై నాలుగు: తన్వీర్ పాస్‌వర్డ్ మార్చబడింది. మూడూ పన్నెండు: తన్వీర్ పేరుతో పాస్‌వర్డ్ లాగిన్, మహబూబాబాద్ బ్రాంచి లైన్ నుంచి.

"వెంకటేష్, నీ కాగితంల ఉన్నది నాలుగోది. ముందటి మూడు ఎవలు కత్తిరించిండ్రు?" అనసూయ వేలు తెర మీద పెట్టింది. "ఈ కుర్చీల కూసున్నోడు జూన్‌ల తన్వీర్ మూసిన పాస్‌వర్డ్ దారిని మళ్లా తెరిచిండు. ప్రోగ్రాం ఆగి మొదలైంది గందుకే. తర్వాత తన్వీర్‌కు కొత్త పాస్‌వర్డ్ పెట్టిండు. దాన్ని ఫోన్‌ల మానుకోటల ఉన్నోనికి చెప్పిండు. ఆడు లోపలికి వచ్చి చెరిపిండు. జనగామ నుంచి మానుకోటకు రైల్ల రెండు గంటలు. ఇరవై ఆరు నిమిషాలల్ల ఒక్కడే రెండు దిక్కుల ఉండలేడు. ఇద్దరు మనుషులు."

రాజలింగం చొక్కా జేబులో ఫోన్ తడుముకున్నాడు. వెంకటేష్ చేయి చాచి రెండు ఫోన్లూ తీసుకుని బల్ల మీద పెట్టాడు.

"నేను వచ్చిన, ఒప్పుకుంట. ఏదో రిపేరు ఉంటే వచ్చిన," అన్నాడు రాజలింగం. "ఇద్దరంటున్నరు కద. రెండోది వీడే ఎందుకు కాకూడదు? కొత్త పాస్‌వర్డ్ వీనికే చెప్పిన అనుకోండ్రి."

వెంకటేష్ చూపు మళ్లీ తన్వీర్ మీదికి మళ్లింది. అనసూయకు చిర్రెత్తింది. మేనేజర్ తనను తాను సగం ఇరికించుకుని, మిగతా సగంతో తన్వీర్‌ను పట్టి లాగుతున్నాడు.

నాలుగింటికి కరెంటు వచ్చింది. తెర ఒక్కసారి ఆరి వెలిగింది. ఈదమ్మ జనరేటర్ ఆపింది. ఐదింటికి ఇంకా గంట. అనసూయ చిట్టా మూసి, ఏం చేయాలో తోచక ఒకే అక్షరం ఉన్న ఒక కమాండ్ కొట్టింది. ఈ క్షణాన సర్వర్‌లో ఎవరెవరు ఉన్నారో చెప్పే కమాండ్ అది.

తెర మీద రెండు పేర్లు వచ్చాయి. మొదటిది రూట్, ఈ కీబోర్డు. అది ఆమే. రెండో పేరు చూసి ఆమె చేతులు ఆగిపోయాయి.

"వెంకటేష్, తన్వీర్ యాడున్నడు?"

"ఏం ప్రశ్న? గుమ్మం కాడ ఉన్నడు."

"చేతులు?"

"బేడీలల్ల ఉన్నయి. ఏంది మేడం?"

"మరి గిదేంది?" ఆమె కుర్చీ పక్కకు జరిపింది.

తన్వీర్. మూడూ ముప్పై నాలుగు నుంచి. భూపాలపల్లి సైటు ఆఫీసు లైన్.

వెంకటేష్ తెర దగ్గరికి వంగి రెండుసార్లు చదివాడు. వెనక్కి తిరిగి గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూశాడు. మళ్లీ తెర చూశాడు. కానిస్టేబుల్‌తో "బేడీలు తియ్యి" అన్నాడు.

తన్వీర్ మణికట్టు రుద్దుకుంటూ వచ్చి అనసూయ భుజం మీదుగా చూశాడు. "మేడం, ఆడు ష్రెడ్ నడిపిస్తున్నడు. ఫైల్ మీద అడ్డమైన అక్షరాలు మళ్ల మళ్ల రాసి, తిరిగి దొరకకుండ చెరిపే కమాండ్. గది నేను తీసిపెట్టిన నకళ్ల ఫోల్డర్."

"ఏం నకళ్లు?"

"మిషన్ల హాజరు ఏ రోజుకారోజు సర్వర్ తనంతట తానే నకలు తీసి దాసేటట్టు పెట్టిన. మేనేజర్ సారుకు తెల్వది, తెలిస్తే తుడిపిస్తడని స్టేషన్‌ల సుత చెప్పలే. జావేద్ అన్నకు తెలుసు." అతను ఆగాడు. తాను చెప్పిన పేరు తనకే అప్పుడు వినపడినట్టుంది. "జావేద్ అన్న యాడున్నడు సార్?"

రాజలింగం బీరువాకు ఆనుకున్నాడు. "అడుగుతున్నడు, చెప్పు," అన్నాడు వెంకటేష్.

"నిన్న సైటుకు పోయిండు. భూపాలపల్లికి."

తన్వీర్ కుర్చీ వీపు పట్టుకున్నాడు. "నా పక్కన కూసోబెట్టుకుని నేర్పిన మేడం," అన్నాడు మెల్లగా. తర్వాత తెర మీదికి వంగాడు. "జనవరి నుంచి మొదలుపెట్టిండు. ఒక్కొక్క ఫైలుకు టైం పడ్తది. ఇప్పుడు సెప్టెంబర్ మొదట్ల ఉన్నడు. ఇంకొక పది పదిహేను నిమిషాలైతే అక్టోబర్ ఎనిమిది."

"వైరు తీసేస్తే?" వెంకటేష్ అడిగాడు.

"వద్దు సార్. వేలిముద్ర మిషన్లు సుత గీ దారిలనే హాజరు పంపుతయి. సర్వర్ ఆగితే అదీ ఆగుతది."

"ముందు వాణ్ని బయటికి తోయనా?" అనసూయ అడిగింది.

"తోస్తే మళ్ల వస్తడు. మొదలు తలుపు వెయ్యాలె. నా పేరును రానీయద్దని సెట్టింగ్స్ ఫైల్‌ల రాయుండ్రి."

ఆమె ఫైలు తెరిచి చివర ఒక వరుస చేర్చింది. ప్రోగ్రాంను మళ్లీ మొదలుపెట్టబోయింది. "ఆగుండ్రి, ఒకపారి పరీక్షించుండ్రి" అన్నాడు తన్వీర్. పరీక్షిస్తే తొంభై ఏడో వరుసలో తప్పు అని వచ్చింది. ఇరుక్కునే మీట ఒక అక్షరం మింగేసింది. అలాగే మొదలుపెట్టి ఉంటే ప్రోగ్రాం లేవకుండా పడి ఉండేది. ఆమె పళ్లు బిగించి దిద్దింది, పరీక్షించింది, మొదలుపెట్టింది. నాలుగూ పదహారు.

మళ్లీ ఒక్క అక్షరం కమాండ్. తన్వీర్ పేరు అక్కడే ఉంది. ష్రెడ్ నడుస్తూనే ఉంది.

"బంద్ చేసినమన్నరు, ఇంకా ఉన్నడేంది?" వెంకటేష్ గొంతు పెరిగింది.

"కొత్తగ వచ్చేటోళ్లకే బంద్ సార్. ముందే లోపలున్నోళ్లు అట్లనే ఉంటరు. ఆడు నడిపే పనికి సర్వర్ ఇచ్చిన ప్రాసెస్ నంబర్ పట్టి ఆ పనిని చంపాలె."

అనసూయ నంబర్ వెతికింది. రెండు నంబర్లు దొరికాయి. ఒకటి లాగిన్‌ది, ఇంకొకటి ష్రెడ్‌ది. రెండూ కొట్టి చంపింది. నాలుగూ పంతొమ్మిది. తెర మీద ఒక్క పేరే మిగిలింది.

తర్వాత చిట్టాలో కొత్త వాక్యాలు వచ్చిపడ్డాయి. తన్వీర్‌కు ప్రవేశం లేదు. తన్వీర్‌కు ప్రవేశం లేదు. మూడోసారి కూడా. అవతల భూపాలపల్లిలో ఎవరో తలుపు బాదుతున్నారు. ఆ తర్వాత ఆగిపోయింది.

అక్టోబర్ ఎనిమిది నకలు చెక్కు చెదరలేదు. అనసూయ తెరిచింది. పొద్దున ఆరూ రెండు నుంచి ఆరూ పదకొండు దాకా గేటు లోపలికి తొమ్మిది మంది. మధ్యాహ్నం బయటికి ఏడుగురు. బయటికి రాని రెండు పేర్లను ఆమె పైకి చదివింది.

"పోశాలు, మొగుళ్లపల్లి. కాళి, గంగారం." ఆమె రాజలింగం వైపు తిరిగింది. "కాళి ఎవలు? ఆమె పోయిందని ఎవలూ ఫిర్యాదు సుత ఇయ్యలేదు."

రాజలింగం పెదవులు తడుపుకున్నాడు. "వాళ్లింట్ల పనికాడనే ఉన్నదనుకుంటున్నరు. నెలకొకపారి పోతది ఇంటికి." అప్పటికి గానీ అతనికి తానేం ఒప్పుకున్నాడో తెలియలేదు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. "మట్టిపెళ్ల పడ్డది. కాళి మీద. ఎవలం ఏం చేయలేకపోయినం. సమ్మెల పని చేయించినమని తెలిస్తే కాంట్రాక్టే పోతది. పోశాలు చూసిండు. ఊర్లకు పోయి చెప్త అన్నడు."

"పోశాలును ఏం చేసిండ్రు?"

అతను మోకాళ్లలో తల పెట్టుకున్నాడు.

"మేడం," తన్వీర్ తెరను చూపించాడు. "గిక్కడ మూడో మిషన్‌ది సుత ఉన్నది. గది రావద్దు కద."

"ఏం మిషన్?"

"సైటుల పాత స్టోర్‌రూం లోపలి గోడకు ఉన్నది. ఏడాది కింద ఆ రూం మూసిండ్రు. ఆఫీసు లిస్టుల నుంచి దాన్ని తీసేసిన గని మిషన్ పీకలే. సొంత బ్యాటరీ, సొంత సిమ్ కార్డు. మనిషి వేలు పెడితే పంపుతనే ఉంటది, ఎవలూ చూడరు గంతే."

అనసూయ మూడో మిషన్ వరుసలను మాత్రం వేరు చేసి తెర మీదికి తెచ్చింది.

శనివారం పొద్దున పదకొండూ యాభై రెండు. పోశాలు. మళ్లీ అదే నిమిషంలో పోశాలు. మళ్లీ పోశాలు. ఆమె తర్వాతి రోజుల ఫైళ్లు తెరిచింది. ఆదివారం నలభై ఒక్కసార్లు. సోమవారం అరవై. ఇవాళ పొద్దున్నుంచి కూడా. మూసిన గదిలో ఒక మనిషి, గోడకున్న మిషన్ మీద అదే వేలు పెడుతూ, తీస్తూ, మళ్లీ పెడుతూ ఉన్నాడు. నాలుగు రోజులుగా అతను తాను బతికి ఉన్నానని జనగామకు చెబుతూనే ఉన్నాడు. చదివినవాడు ఒక్కడూ లేడు. ఇవాళ జావేద్ చదివాడు. అందుకే నకళ్లను తుడవడం మొదలుపెట్టాడు.

వెంకటేష్ అప్పటికే భూపాలపల్లి స్టేషన్‌కు ఫోన్ కలుపుతున్నాడు. ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. మూడోసారి ఎవరో ఎత్తి, స్టాఫంతా రహదారి బందోబస్తులో ఉన్నారు, అరగంటలో పంపుతామన్నారు. "అరగంట కాదు, ఇప్పుడు. ఉన్నోళ్లను పంపు. నువ్వు పో," అన్నాడు వెంకటేష్. ఆ మాటలు పూర్తి కాకముందే బల్ల మీద మేనేజర్ ఫోన్ మోగింది.

తెర మీద పేరు: జావేద్.

అనసూయ పంచనామా కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాసింది. 'నేను వచ్చేదాక ముట్టకు, అను.' దాన్ని రాజలింగం ముఖం ముందు పెట్టింది. వెంకటేష్ స్పీకర్ నొక్కాడు.

"సార్, నన్ను బయటికి తోసిండ్రు. సర్వర్ కాడ ఎవలో ఉన్నరు," అన్నాడు జావేద్. "గీణ్ని ఏం చెయ్యమంటరు? ఇంక ఉంచితే మనమే పోతం."

రాజలింగం కాగితం చూశాడు. "నేను వచ్చేదాక ముట్టకు."

అవతల గాలి చప్పుడు. ఇనుప తలుపు ఏదో కొట్టుకున్న చప్పుడు.

"సార్, మీరెప్పుడు గిట్ల మాట్లాడలే. మీ పక్కన ఎవలున్నరు?"

రాజలింగం నోరు తెరిచేలోపే తన్వీర్ ఫోన్ మీదికి వంగాడు. "జావేద్ భాయ్, నేను తన్వీర్‌ను. తలుపు తియ్యి. ఆయన్ని ఇడిచిపెట్టు. నువ్వింకా ఎవలనూ చంపలే."

లైన్ తెగింది. నాలుగూ ఇరవై తొమ్మిది. వెంకటేష్ మళ్లీ కలిపాడు. స్విచాఫ్.

"జీపు తియ్యి" అని అతను కానిస్టేబుల్‌కు అరిచాడు. రాజలింగం చొక్కా పట్టి లేపాడు. భూపాలపల్లికి రెండున్నర గంటలు, దారి తెరిచి ఉంటే. అనసూయ లేవలేదు. తెరను చూస్తూనే ఉంది. మిషన్లు మూడు నిమిషాలకోసారి పంపుతాయని తన్వీర్ చెప్పాడు. మూడో మిషన్ వరుసలు చూపే కమాండునే ఆమె మళ్లీ కొట్టింది. ఏమీ లేదు. మళ్లీ కొట్టింది. ఏమీ లేదు. గుమ్మం దగ్గర వెంకటేష్ ఆగి చూస్తున్నాడు. ఈదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒక కొత్త వరుస వచ్చింది.

మూడో మిషన్. పోశాలు. నాలుగూ ముప్పై ఒకటి.

దాని కింద, అదే నిమిషంలో, అదే మిషన్ నుంచి ఇంకొక వేలిముద్ర. జావేద్.

"తలుపు తీసిండు మేడం. మనం చూస్తున్నమని ఆనికి తెలుసు," అన్నాడు తన్వీర్.